పాలిచ్చే గేదె ఒళ్లు తగ్గకుండా సప్లిమెంట్లు వాడటం ఎలా: సమగ్ర మార్గదర్శి

"గేదె ఈని రెండు నెలలైంది. పాలు బాగానే ఇస్తోంది గానీ ఎముకలు తేలిపోయాయి. ఏ పొడి పెడితే మళ్లీ ఒళ్లు చేస్తుంది?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. పొడి పేరు ఒక్కటి చెప్పి వదిలేస్తే మీ డబ్బు పోతుంది, గేదె ఒళ్లు మాత్రం రాదు. అందుకే మొత్తం పని వరుసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈనిన కొత్తలో మీరు పెట్టే ఏ సప్లిమెంటైనా ముందు పొదుగుకే వెళ్తుంది. ఒంటికి వంతు ఆ తర్వాతే వస్తుంది. కాబట్టి పాలు పెరిగాయని సంబరపడి అక్కడితో ఆగిపోకండి. నడుము మీద చెయ్యి వేసి చూడండి. సప్లిమెంటు పనిచేస్తోందో లేదో అక్కడే తెలుస్తుంది.

## 1. ముందు చేత్తో స్కోరు వేయడం నేర్చుకోండి

ఒంటి మీద కండ, కొవ్వు ఎంత ఉందో చెప్పే అంకెనే స్కోరు అంటాం. గేదె చర్మం మందం, రంగు నలుపు. దూరం నుంచి చూస్తే అర పాయింటు తేడా కంటికి ఆనదు. కంటికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే కళ్లతో పాటు వేళ్లకు కూడా పని చెప్పాలి.

స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. 1 అంటే ఎముకల గూడు, 5 అంటే ఎముక తగలనంత కొవ్వు. మధ్యలో పావు పాయింట్లు కూడా వేస్తారు. మొదట్లో అర పాయింట్లతో మొదలుపెట్టండి, అలవాటయ్యాక పావుకు వెళ్లండి.

పొద్దున్నే, మేత వేయకముందు చూడండి. మేత తిన్నాక ఎడమ డొక్క ఉబ్బి, చిక్కిన గేదె కూడా నిండుగా కనిపిస్తుంది. గేదె నాలుగు కాళ్ల మీద సమంగా, చదునైన నేల మీద నిలబడాలి. ప్రతిసారీ ఒకే మనిషి చూస్తే మంచిది.

తడమాల్సిన చోట్లు ఇవి:

- నడుము అంచు. చివరి పక్కటెముక దాటాక, తుంటికి ముందు, పక్కకు చాచినట్టుండే చిన్న ఎముకల కొసలు తగులుతాయి. అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే.
- వెన్నుపూస ముళ్లు. నడుము మీద నడిమధ్యన పైకి పొడుచుకొచ్చే ఎముకలు. విడివిడిగా లెక్కపెట్టగలుగుతున్నారా, లేక ఒకే గీతలా తగులుతున్నాయా?
- తుంటి ఎముకకు, పిరుదు ఎముకకు మధ్య పల్లం. ఎంత లోతు ఉందో అరచేతితో చూడండి.
- తోక మొదలు రెండు పక్కలా ఉండే గుంట.
- చివరి రెండు పక్కటెముకల మధ్య సందు. వేలు లోపలికి దిగుతోందా, పైనే ఆగుతోందా?

వేళ్లకు కొలత ఎలా? మీ చేతినే వాడుకోండి. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి, కుడిచేతి వేళ్లతో ఆ పిడికిలి కణుపుల మీద రాయండి. నడుము అంచు అలా గట్టిగా, విడివిడిగా తగిలితే స్కోరు 2 దగ్గర. ఇప్పుడు పిడికిలి విప్పి చెయ్యి చదునుగా చాచి, వెనకవైపు రాయండి. ఎముకలు ఉన్నట్టు తెలుస్తాయి, కానీ గుచ్చుకోవు. అది 3 నుంచి 3.5. చివరగా బొటనవేలి కింద మెత్తటి కండ నొక్కి చూడండి. నడుము అలా ఉంటే 4 దాటినట్టే.

వరుసగా పది గేదెలను ఇలా తడిమి చూస్తే చేతికి లెక్క వచ్చేస్తుంది. మొదటి రోజు తప్పు వేసినా టెన్షన్ పడకండి. స్కోరు అంకె కంటే అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే మనకు కావాలి.

## 2. ఏ దశలో ఎంత ఉండాలి

- ఈనేటప్పుడు: 3.5 దగ్గర. 3.25 నుంచి 3.75 మధ్య ఎక్కడున్నా సరే.
- ఈనిన 60 రోజులకు: ఈనేనాటి స్కోరు కంటే అర పాయింటుకు మించి పడకూడదు. 2.75 కంటే కిందికి అసలు పోకూడదు.
- 100 రోజులు దాటాక: పడటం ఆగి, నిలబడాలి.
- 150 రోజుల తర్వాత: మెల్లగా పెరగాలి.
- వట్టిపోయే నాటికి: మళ్లీ 3.25 నుంచి 3.5.

ఈనిన తర్వాత కొంత ఒళ్లు తగ్గడం సహజం. పాలు 5 నుంచి 8 వారాల్లో గరిష్ఠానికి చేరతాయి. ఆకలి పూర్తిగా తెరుచుకునేసరికి 10 నుంచి 12 వారాలు పడుతుంది. ఈ మధ్యలో గేదె తన ఒంటి కొవ్వు కరిగించి పాలలో పోస్తుంది. మన ప్రయత్నం ఈ తరుగుదలను అర పాయింటు లోపు ఆపడానికే. ఒక పాయింటు, అంతకంటే ఎక్కువ పడితే ఎదకు రావడం ఆలస్యమవుతుంది. అసలే గేదెల్లో మూగ ఎద, అంటే గుర్తులు బయటికి కనిపించని ఎద, ఎక్కువ. ఒళ్లు కూడా పోతే ఎద గుర్తించడం మరీ కష్టం.

## 3. సప్లిమెంటు కొనే ముందు చూడాల్సినవి

చాలా గేదెల్లో ఒళ్లు తగ్గడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. ఈ జాబితా పూర్తికాకుండా సంచి కొనకండి.

☐ పేడ పరీక్ష చేయించారా? చెరువు గట్ల మీద, నీరు నిలిచే చోట్ల మేసే గేదెల్లో కార్జపు జలగలు, పొట్ట జలగలు ఎక్కువ. దవడ కింద నీరు దిగడం, విడవని పారుడు దీనికి గుర్తులు. పరీక్షలో ఏ పురుగు బయటపడితే దానికి తగిన నట్టల మందు వేయించండి. మందు వేశాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో డాక్టరును అడిగి పాటించండి.

☐ నోరు తెరిచి చూశారా? అరిగిన పళ్లు, నాలుక మీద పుండ్లు ఉంటే ఎంత మంచి దాణా అయినా తినలేదు.

☐ కాళ్లు, గిట్టలు బాగున్నాయా? కుంటే గేదె తొట్టి దగ్గర ఎక్కువసేపు నిలబడదు.

☐ నీళ్లు రోజంతా అందుబాటులో ఉన్నాయా? రోజుకు రెండుసార్లు చూపించే నీళ్లు పాలిచ్చే గేదెకు చాలవు.

☐ మేత తూకం వేశారా? "రెండు మోపులు" అనేది కొలత కాదు. ఒక్కరోజైనా కాటా మీద పెట్టి చూడండి.

☐ ఎండ సంగతి? గేదెకు చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ. వేడెక్కితే మేత మానేస్తుంది. నీడ, ఒంటి మీద నీళ్లు, తెల్లవారుజామున, రాత్రిపూట మేత, ఈ మూడూ ఉంటేనే ఎండాకాలంలో సప్లిమెంటుకు అర్థం ఉంటుంది.

☐ తొట్టి దగ్గర ఎవరు ఎవరిని నెడుతున్నారు? తొలిచూలు గేదెలను పెద్దవి పక్కకు నెట్టేస్తాయి. తొలిచూలు గేదె ఇంకా ఎదిగే వయసులోనే ఉంటుంది. పాలకు, ఎదుగుదలకు రెండింటికీ తినాలి. దానికి విడిగా మేత వేయండి.

## 4. లెక్క వేయండి: లోటు ఎంత?

500 కిలోల గేదె, రోజుకు 10 లీటర్ల పాలు అనుకుందాం.

బరువు తెలియకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ఎముక కొస నుంచి పిరుదు ఎముక కొస వరకు పొడవు, రెండూ అంగుళాల్లో తీయండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే సుమారు కిలోలు వస్తాయి. చుట్టుకొలత 78, పొడవు 56 ఉన్న గేదె దాదాపు 516 కిలోలు.

ఆకలి పూర్తిగా తెరుచుకున్నాక గేదె తన బరువులో 2.5 నుంచి 3 శాతం వరకు పొడి పదార్థం తింటుంది. అంటే 500 కిలోలకు 12.5 నుంచి 15 కిలోలు. పచ్చిమేతలో అయిదో వంతే పొడి పదార్థం, మిగతాది నీరు. 25 కిలోల పచ్చిమేత అంటే నిజానికి 5 కిలోలే. దీనికి 4 కిలోల ఎండుగడ్డి, 6 కిలోల దాణా కలిపితే మొత్తం 14 కిలోల దగ్గరకు వస్తుంది.

దాణా లెక్క: ఒంటి పోషణకు 1 కిలో, ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో. పది లీటర్లకు 6 కిలోలు. దీన్ని రోజుకు మూడుసార్లుగా పెట్టండి. ఒకేసారి కుమ్మరిస్తే పొట్టలో పులుపు పెరిగి అసలుకే మోసం వస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. గేదె పాలలో వెన్న 7 శాతం అనుకుంటే, 10 లీటర్లతో రోజూ దాదాపు 700 గ్రాముల కొవ్వు బయటికి పోతోంది. మనం పెట్టే బైపాస్ ఫ్యాట్ (పెద్దపొట్టలో విడిపోకుండా పేగుల దాకా వెళ్లేలా చేసిన కొవ్వు పొడి) 150 నుంచి 200 గ్రాములు. 200 గ్రాముల పొడి ఇచ్చే శక్తి అర కిలో ధాన్యానికి అటూ ఇటూగా ఉంటుంది, అంతే. మేతలో రెండు కిలోలు తక్కువ పెట్టి, 200 గ్రాముల పొడితో ఆ లోటు పూడుతుందనుకోవడం జరగని పని. ఇది నేను పదే పదే చెబుతున్నాను, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

మేత, దాణా లెక్కకు సరిపోయి కూడా స్కోరు పడుతుంటే, అప్పుడు సప్లిమెంటు కావాలి.

## 5. ఏ సప్లిమెంటు ఒంటి మీద ఎలా పనిచేస్తుంది

### 5.1 బైపాస్ ఫ్యాట్

ఒళ్లు నిలబెట్టడానికి ముందు చూడాల్సింది ఇదే. మామూలు నూనె ఎక్కువగా పోస్తే పెద్దపొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. గడ్డి అరగదు, తిండి తగ్గుతుంది. బైపాస్ ఫ్యాట్‌లో ఎక్కువగా వాడే రకం, కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో కట్టిన లవణం. పెద్దపొట్టలో పులుపు తక్కువ కాబట్టి అక్కడ విడిపోదు. తర్వాతి జఠరంలో ఆమ్లం తగిలాక విడిపోయి, పేగుల్లో ఒంటబడుతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. దాణా ఎక్కువై పెద్దపొట్ట పుల్లబడితే ఈ లవణం అక్కడే విడిపోవడం మొదలవుతుంది. అప్పుడు బైపాస్ కావలసింది బైపాస్ కాదు. కాబట్టి ఎండుగడ్డి, నెమరు సరిగ్గా ఉన్న గేదెకే ఇది పనిచేస్తుంది.

మోతాదు: లీటరు పాలకు 10 నుంచి 15 గ్రాములు. పది లీటర్ల గేదెకు 100 నుంచి 150. స్కోరు వేగంగా పడుతుంటే 200 వరకు. మొత్తం మేతలో కొవ్వు, పొడి పదార్థం లెక్కన 6 శాతం దాటకూడదు. నూనె ఎక్కువున్న గింజలు, చెక్క ఇప్పటికే పెడుతుంటే ఆ కొవ్వునూ లెక్కలో వేసుకోండి.

పెట్టే పద్ధతి: ఇది సబ్బు రుచి, సబ్బు వాసన ఉన్న పొడి. పొడి దాణా మీద చల్లితే గేదె పైపైన ఊదుకుంటూ దాణా తినేసి, తెల్లటి పొడిని తొట్టి అడుగున మూలకు నెట్టేస్తుంది. మర్నాడు తొట్టి కడిగేటప్పుడు నీళ్లు పాలరంగులోకి తిరిగితే మీ డబ్బు కాలువలోకి పోతున్నట్టే. దాణాను కాస్త తడిపి, ముద్దకట్టేటట్టు చేసి, అందులో కలపండి. మొదటి నాలుగు రోజులు 25 గ్రాములే, తర్వాత 50. వారం పది రోజుల్లో పూర్తి మోతాదుకు తీసుకెళ్లండి.

ఏం ఆశించాలి: మొదటి రెండు వారాల్లో పాలో, వెన్న శాతమో పెరగవచ్చు. ఒళ్లు పెరగదు. ఒళ్లు పడటం నెమ్మదిస్తుంది, అదే విజయం. నిలబడిన ఒళ్లు తిరిగి పెరగడం మొదలయ్యేసరికి ఇంకా నెల, రెండు నెలలు పడుతుంది.

### 5.2 బైపాస్ ప్రొటీన్

పెద్దపొట్టలో విరగకుండా పేగుల దాకా వెళ్లేలా చేసిన ప్రొటీన్ ఇది. దీని గురించి నా అనుభవం చెబుతాను. నా దగ్గర ఎడమ కొమ్ము కిందికి వాలిన గేదె ఒకటి ఉండేది. ఈనిన మూడో వారం నుంచి దానికి రోజుకు కిలో బైపాస్ ప్రొటీన్ దాణా మొదలుపెట్టాను. పాలు 9 లీటర్ల నుంచి 11కి పెరిగాయి. నేను చాలా సంతోషించాను, మిగతా దాణా ఏమీ పెంచలేదు. ఎనిమిదో వారంలో ఒకరోజు ఒళ్లు కడుగుతుంటే తుంటికి, పిరుదుకు మధ్య పల్లంలో నా పిడికిలి పూర్తిగా కూర్చుంది. ఈనినప్పుడు 3.5 ఉన్న స్కోరు 2.5కి వచ్చింది. ఆ గేదె ఆరో నెల దాకా ఎదకు రాలేదు.

జరిగిందేమిటంటే, ప్రొటీన్ పొదుగును ముందుకు తోసింది. పెరిగిన పాలకు కావలసిన శక్తి మేతలో లేదు. అది ఒంటి మీద నుంచే పోయింది. ప్రొటీన్ తప్పేం కాదు, వరుస తప్పింది. ముందు శక్తి, తర్వాత ప్రొటీన్.

ఇప్పుడు నేను పాటించే నియమం: దాణా పూర్తి మోతాదుకు చేరి, బైపాస్ ఫ్యాట్ మొదలై, స్కోరు పడటం అర పాయింటు లోపే ఉంటే తప్ప బైపాస్ ప్రొటీన్ వేయను. వేసినప్పుడు కూడా అదనంగా కాదు, మామూలు దాణాలో ఒక కిలో తీసేసి దాని స్థానంలో. రోజుకు 8 లీటర్ల లోపు ఇచ్చే గేదెకు సాధారణంగా దీని అవసరమే ఉండదు.

### 5.3 ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు

దీనిలో శక్తి లేదు, ఒళ్లు నేరుగా పెరగదు. కానీ ఇది లేకపోతే ఆకలి మందగిస్తుంది, గేదె గోడలు నాకడం, గుడ్డలు నమలడం మొదలుపెడుతుంది, మిగతా సప్లిమెంట్లన్నీ సగమే పనిచేస్తాయి. రోజుకు 50 గ్రాములు, పాలు ఎక్కువైతే 100 వరకు. ఉప్పు విడిగా 30 గ్రాములు.

భాస్వరం లోటును తేలిగ్గా తీసుకోకండి. ఈనిన కొద్ది వారాల్లో గేదెకు మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో వస్తే అది భాస్వరం లోటు వల్ల రక్తకణాలు పగిలిపోయే జబ్బు కావచ్చు. గంటల మీద డాక్టరు చూడాలి.

### 5.4 మిగతావి

ఈస్ట్. పెద్దపొట్టలో అరుగుదల స్థిరంగా ఉంచడానికి సాయపడుతుంది. దాణా పెంచే రోజుల్లో, ఎండల్లో ఉపయోగం. మోతాదు డబ్బా మీద ఉన్నట్టు.

వంటసోడా. దాణా ఎక్కువ తినే గేదెకు రోజుకు 50 నుంచి 100 గ్రాములు దాణాలో కలిపితే పులుపు అదుపులో ఉంటుంది. పేడ పలుచబడి బుడగలు వస్తుంటే ముందు దాణా తగ్గించండి, సోడా తర్వాత.

ప్రొపిలీన్ గ్లైకాల్. కీటోసిస్ (శక్తి చాలక ఒంటి కొవ్వు మరీ ఎక్కువగా కరగడంతో వచ్చే జబ్బు) వచ్చిన గేదెకు డాక్టరు చెప్పినన్ని రోజులు తాగించేది. ఒళ్లు పెంచే టానిక్‌గా వాడొద్దు. తాగించేటప్పుడు తల ఎక్కువ ఎత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

కాల్షియం ద్రావణాలు, లివర్ టానిక్‌లు. ఈనిన ముందువెనకల పాలజ్వరం (రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) భయం ఉన్నప్పుడు కాల్షియానికి దాని పని దానికుంది. ఒంటి కొవ్వుతో దానికి సంబంధం లేదు. చిక్కిన గేదెకు మొదట కొనేది ఎక్కువగా ఇవే, ఒళ్లు తేవడంలో అన్నిటికంటే తక్కువ పనిచేసేవీ ఇవే.

## 6. క్రమం: ఏ రోజు ఏం మొదలుపెట్టాలి

ఈనడానికి 60 రోజుల ముందు. పాలు ఆపేయండి. స్కోరు రాయండి. 3.25 నుంచి 3.5 ఉంటే మంచి మేతతో పాటు 1.5 నుంచి 2 కిలోల దాణా. ఖనిజ మిశ్రమం 50 గ్రాములు.

21 రోజుల ముందు. ఈనాక పెట్టబోయే దాణానే ఇప్పుడు కొంచెంగా మొదలుపెట్టి 2 నుంచి 3 కిలోలకు తెండి. పెద్దపొట్ట దానికి అలవాటు పడాలి. ఈ మూడు వారాల్లో కాల్షియం టానిక్ తాగించకండి. ఒంట్లో నిల్వ కాల్షియాన్ని తీసుకునే పని మందగించి, ఈనాక పాలజ్వరం ముప్పు పెరుగుతుంది.

10 రోజుల ముందు. బైపాస్ ఫ్యాట్ రుచి అలవాటు చేయండి, 25 నుంచి 50 గ్రాములు చాలు.

ఈనిన రోజు నుంచి 3 రోజులు. గోరువెచ్చని నీళ్లు, మంచి పచ్చిమేత, ఎండుగడ్డి, ఈనక ముందు పెట్టినంత దాణా. ప్రేమకొద్దీ ధాన్యం ఉడికించి బోలెడు పెట్టకండి. ఈ రోజుల్లో గేదె ఆకలి బలహీనంగా ఉంటుంది.

4 నుంచి 21 రోజులు. రెండు మూడు రోజులకోసారి అర కిలో చొప్పున దాణా పెంచండి. వదిలేస్తే అక్కడే రెండు రోజులు ఆగండి. బైపాస్ ఫ్యాట్ 100 గ్రాములు, తర్వాత 150.

22 నుంచి 90 రోజులు. అసలు పరీక్ష ఇప్పుడే. 15 రోజులకోసారి స్కోరు. అర పాయింటు దాటి పడితే బైపాస్ ఫ్యాట్ 200కి, దాణా అర కిలో నుంచి కిలో ఎక్కువ. బైపాస్ ప్రొటీన్ వేయాలా వద్దా అన్నది ఈ దశలోనే తేల్చుకోండి.

90 నుంచి 150 రోజులు. స్కోరు రెండుసార్లు వరుసగా నిలబడితే బైపాస్ ఫ్యాట్‌ను పది రోజుల్లో మెల్లగా తగ్గించి ఆపేయండి. ఒక్కరోజులో ఆపితే పాలు కిందికి జారతాయి.

150 రోజుల నుంచి వట్టిపోయే దాకా. పోయిన ఒళ్లు తిరిగి తెచ్చుకునే సమయం ఇదే. పాలు తగ్గుతుంటాయి, తిన్నది ఒంటికి చేరుతుంది. ఖరీదైన పొడులు అక్కర్లేదు. పాల లెక్క కంటే అర కిలో, కిలో దాణా ఎక్కువ పెడితే చాలు. చాలామంది సరిగ్గా ఇక్కడే "పాలు తగ్గాయి కదా" అని దాణా కోసేస్తారు. అదే గేదె వచ్చే ఈతకు 2.75తో ఈని, మళ్లీ మొదటికొస్తుంది. వట్టికాలంలో పెంచుకుందాం అనుకోకండి. పాలిచ్చే రోజుల్లోనే మేత ఒంటికి బాగా పడుతుంది.

## 7. పుస్తకంలో రాయాల్సినవి

15 రోజులకోసారి, ఒక్కో గేదెకు ఒక్క వరస:

☐ తేదీ, ఈనిన తర్వాత ఎన్నో రోజు
☐ స్కోరు, ఛాతీ చుట్టుకొలత
☐ రోజు పాలు, వీలైతే వెన్న శాతం
☐ పెట్టిన దాణా, తొట్టిలో మిగిలింది
☐ పేడ: గట్టిగా, ముద్దగా, పలుచగా? గింజలు కనిపిస్తున్నాయా?
☐ ఎద గుర్తులు
☐ కొత్తగా మొదలుపెట్టిన లేదా ఆపిన సప్లిమెంటు

ఒకేసారి ఒక్కటే మార్చండి. ఫ్యాటు, ఈస్టు, టానిక్ మూడూ ఒకే వారం మొదలుపెడితే దేనివల్ల తేడా వచ్చిందో ఎప్పటికీ తెలియదు. మార్చాక కనీసం మూడు వారాలు ఆగి తీర్పు చెప్పండి. అర పాయింటు ఒళ్లు తిరిగి రావడానికి 6 నుంచి 8 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

## 8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

పాలు పెరిగాయి, ఒళ్లు పడిపోతోంది. శక్తి లోటు. ప్రొటీన్ దాణా తగ్గించి, ధాన్యం, బైపాస్ ఫ్యాట్ పెంచండి. ఒక లీటరు పాలు తగ్గినా పరవాలేదు, ఆ గేదె త్వరగా చూడి కట్టడం మీకు ఎక్కువ లాభం.

సప్లిమెంటు మొదలుపెట్టాక తిండి తగ్గింది. తొందరగా పెంచారు. సగానికి దించి, తిండి మామూలుగా మారాక 25 గ్రాముల చొప్పున ఎక్కండి.

పేడ పలుచగా, బుడగలతో, వెన్న శాతం పడిపోయింది. పొట్ట పుల్లబడింది. దాణా తగ్గించి ఎక్కువసార్లుగా పెట్టండి. ముందు ఎండుగడ్డి, తర్వాత దాణా. మేతను మరీ సన్నగా నరకకండి, 2 నుంచి 3 సెంటీమీటర్లు ఉండాలి.

అన్ని గేదెలకూ ఒకే మోతాదు. ఆరు లీటర్ల గేదె ఒళ్లు చేసి లావెక్కుతుంది, పన్నెండు లీటర్ల గేదె చిక్కిపోతుంది. ఈనిన 100 రోజుల లోపు ఉన్నవాటిని ఒక పక్కన కట్టేయండి, పొడి అక్కడికే వెళ్లాలి.

బైపాస్ ఫ్యాట్ వేస్తూ మామూలు నూనె కూడా పోయడం. నూనె ఆపండి.

ఈనేసరికి స్కోరు 4 దాటింది. ఇది మంచి ఒళ్లు కాదు. ఈనడం కష్టమవుతుంది, ఈనాక ఆకలి పెరగదు, కొవ్వు ఒక్కసారిగా కరిగి కార్జంలో పేరుకుంటుంది. వట్టికాలంలో మాడ్చి సన్నబెట్టకండి, అది ఇంకా ప్రమాదం. దాణా మరీ పెంచకుండా గడ్డితో నడిపించి, ఈనాక మొదటి మూడు వారాలు రోజూ కనిపెట్టి చూడండి. తర్వాతి ఈతకు, 150వ రోజు నుంచే దాణా లెక్క సరిచేయండి.

## 9. ఇంక పొడులు ఆపి డాక్టరును పిలవాల్సిన గుర్తులు

☐ దాణా ముట్టకుండా గడ్డి మాత్రమే తింటోంది, ఊపిరిలో తీపి వాసన, పాలు రెండు రోజుల్లో బాగా పడిపోయాయి. కీటోసిస్ అనుమానించండి. మూత్రం లేదా రక్తం పరీక్షతో వెంటనే తేలుతుంది.
☐ రెండు వారాల్లో అర పాయింటుకు మించి స్కోరు పడింది.
☐ మేత పూర్తిగా తింటోంది, పేడ పరీక్ష బాగుంది, అయినా నెలల తరబడి చిక్కిపోతోంది. క్షయ, జోన్స్ జబ్బు లాంటి దీర్ఘకాలిక రోగాలకు పరీక్ష చేయించాలి.
☐ దవడ కింద వాపు, ఆగని పారుడు.
☐ ఎరుపు లేదా కాఫీ రంగు మూత్రం.
☐ జ్వరం, మాయ పడకపోవడం, దుర్వాసనతో మైల.

డాక్టరు వచ్చినప్పుడు ఆ పుస్తకం చేతికివ్వండి. ఈనిననాటి నుంచి స్కోరు, పాలు, మేత ఒక్క పేజీలో కనిపిస్తే, లోటు మేతదో, జబ్బుదో ఆయనకు త్వరగా అర్థమవుతుంది.